మా ఆవిడ పాటకు లాంగ్ సెక్షన్

విజయనగరంలో కాపురం ఉంటూ సంగీతం తెలియదని చెప్పుకోవడం కాస్త సిగ్గుపడాల్సిన సంగతే. మా వీధిలో పళ్లు తోముకుంటూ తీసే కూనిరాగం కూడా శ్రుతిలో ఉంటుంది. అలాంటి ఊళ్లో, అందులోనూ సంగీతం టీచరును కట్టుకుని, నేను ఇరవై ఏళ్లు ‘బాగుంది’ అనే ఒక్క ముక్కతో నెట్టుకొచ్చాను.

నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. కాలువలూ తూములూ చెరువు గట్లూ గీస్తూ గీస్తూ తల నెరిసింది. పెళ్లిచూపుల రోజున మా ఆవిడ పాడాక, ఏ రాగమో పోల్చారా బాబూ అని వాళ్ల పెదనాన్న నన్నడిగారు. బాగుందండీ అన్నాను. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదని గదిలో అందరికీ తెలిసిపోయింది. అయినా పిల్లనిచ్చారు. గవర్నమెంటు ఉద్యోగం కొన్ని లోపాలను కప్పుతుంది.

పెళ్లయ్యాక ఆవిడ కచేరీ ఎక్కడుంటే అక్కడికి వెంట వెళ్లేవాణ్ణి. శ్రుతిపెట్టె మోసేది నేనే, ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టేది నేనే. ముందు వరసలో కూర్చుని వేదిక మీది పూలదండలు చూస్తూ ఉండేవాణ్ణి. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపితే నేనూ ఊపేవాణ్ణి. ఎవరైనా ఆహా అంటే నేనూ అనేవాణ్ణి, కాకపోతే కొంచెం వెనకగా. ఒకసారి పాలకొండలో కచేరీ అయ్యాక ఆవిడ చెప్పులు వేసుకుంటూ మెల్లగా అంది.

“మీరు ఆహా అనకండి. మీది లేటుగా వస్తాది, నాకు తాళం తప్పుతాది.”

నవ్వేశాను. కానీ ఆ మాట చాలా కాలం నాలో ఉండిపోయింది. ఆవిడ మీద కోపం కాదు. పాడుతున్నప్పుడు ఒక్కోసారి ఆవిడ ముఖం వెలిగిపోయేది. అక్కడేదో జరిగిందని తెలిసేది, ఏం జరిగిందో తెలిసేది కాదు. ఆవిడకు ఏ మాటకు కోపం వస్తుందో, ఏ కూరలో ఉప్పు ఎక్కువ పడుతుందో తెలిసిన మొగుణ్ణి, ఆవిడ బతుకులో సగం ఉన్న గదికి మాత్రం గుమ్మం బయటే నిలబడిపోయాను. నాకు కావలసింది పెద్ద విద్వత్తు కాదు. ఆవిడ పాడుతుంటే, ఆ పాటలో ఆవిడ ఎక్కడుందో నాకు తెలియాలి. అంతే.

దానికి దారి మా అమ్మాయి చూపించింది. రెండువేల పదమూడు ప్రాంతం. పిల్ల ఇంటర్ చదువుతోంది, చదువు పేరు చెప్పి ఇంటికి నెట్ పెట్టించుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని, నాన్నా ఇలా రా, ఇందులో పాట కనబడతాది అని పిలిచింది. ఏదో విదేశీ శాస్త్రీయ సంగీతం, వయొలిన్లూ పియానోలూ. నల్లటి తెర మీద రంగురంగుల గీతలు కుడి నుంచి ఎడమకు జరుగుతున్నాయి. స్వరం పైకి పోతే గీత పైన, దిగితే కింద. పొడుగు స్వరానికి పొడుగు గీత, పొట్టిదానికి పొట్టి గీత. ఆ క్షణంలో ఏ స్వరం మోగుతోందో ఆ గీత వెలుగుతోంది.

కుర్చీ లాక్కుని తెరకు దగ్గరగా జరిగాను. ఎందుకంటే అది నాకు వచ్చిన భాష. మా ఆఫీసులో దాన్ని లాంగ్ సెక్షన్ అంటాం: కాలువ పొడుగునా నడిస్తే ఏ చోట నేల ఎంత ఎత్తులో ఉందో చూపించే గీత. జీవితమంతా అవే గీశాను. పైన నీలం గీత మెల్లగా దిగుతోంది, కింద నుంచి పసుపు గీత ఎక్కుతోంది, రెండూ ఎక్కడ కలుస్తాయో నాకు ముందే కనబడుతోంది. కలిసే దాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. భోజనానికి రమ్మని ఆవిడ పిలిచిన పిలుపులేవీ వినబడలేదు. చివరికి వచ్చి వెనకాల నిలబడి, ఏటి సూస్తన్నారంత ఇదిగా అంది. పాట చూస్తున్నానని చెప్పాను. జ్వరం వచ్చిందేమోనని నా మెడ మీద చెయ్యి వేసి చూసింది.

ఆవిడ దగ్గరికి రోజూ సాయంత్రం పదిమంది దాకా పిల్లలు వచ్చేవారు. ముందుగదిలో చాప పరిచి పాఠం. సరళి వరసలు ఎలాగో గట్టెక్కేవారు. గీతాలకు, అంటే తొలి చిన్న పాటలకు, వచ్చేసరికి సగం మంది దారి తప్పేవారు. ఒకడు ఫ్యాను వైపు చూస్తూ పెదాలు కదిపేవాడు. ఒకతె పక్కపిల్ల నోరు చూసి తన నోరు తెరిచేది. అంటే, నేను కచేరీల్లో చేసే పనే వాళ్లూ చేసేవారు. విసుగొచ్చి ఎవరైనా మానేస్తే ఆ పూట వంటింట్లో గిన్నెల చప్పుడు పెరిగేది. మానేసిన పిల్ల కూర్చునే చోట మర్నాడు ఆవిడ ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు.

పిల్లల కోసం చేస్తున్నానని ఆవిడతో చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఒక పెద్ద అట్టపెట్టెకు ముందువైపు కిటికీ కోశాను. లోపల అటొకటి ఇటొకటి రెండు అప్పడాల కర్రలు నిలబెట్టి, వాటికి ట్రేసింగ్ కాగితం చుట్టాను. ఆ కాగితం పొడుగునా ఒక మోహన రాగం గీతాన్ని, స్వరం స్వరం ఆవిడ చేత పలికించుకుని, ఎత్తుపల్లాలుగా గీశాను. సాహిత్యం ముక్కలు గీతల కింద రాశాను. కిటికీ మధ్యలో నిలువుగా ఒక ఎర్ర దారం కట్టాను. ఏ స్వరం దారం వెనక్కి వస్తే ఆ స్వరం పాడాలి.

పిల్లలు చాప మీద ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. ఫ్యాను వైపు చూసేవాడు కూడా పెట్టెనే చూశాడు. అంతా బాగానే ఉంది, కాగితాన్ని లాగాల్సింది మాత్రం నేను. తాళజ్ఞానం లేనివాడు కర్ర తిప్పితే ఎలా ఉంటుంది? ఒకచోట గబగబా తిప్పేశాను, పిల్లలు గుక్క తిప్పుకోకుండా స్వరాల వెంట పరిగెత్తారు. కంగారుపడి ఆపేశాను, అందరూ ఒకే స్వరం మీద దీర్ఘం తీస్తూ నా ముఖం వైపు చూశారు. మా ఆవిడ పమిటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు తిరిగిపోయింది. ఆవిడ అంత నవ్వడం చూసి చాలా రోజులైంది.

ఆ క్లాసులో కాస్త నోరున్న పిల్ల ఒకతె ఉండేది. వాళ్లది కంటోన్మెంటు వైపు, తల్లి ఆసుపత్రిలో నర్సు, కుటుంబమంతా పాత బాప్టిస్టు మిషన్ చర్చికి వెళ్లేవాళ్లు. ఆ పిల్ల లేచి వచ్చి నా చేతిలోంచి కర్ర తీసుకుంది.

“మా చర్చిలో పాట నేర్పే అమ్మమ్మ సెయ్యి ఎత్తితే పైకి పాడాల, దించితే కిందకి పాడాల. ఆవిడ నీలాగ గాబరా పడదు మావయ్యా. నువ్వు కూకో, నేను తిప్పుతాను.”

తిప్పింది కూడా. కర్ర తిప్పుతూ కాలి బొటనవేలితో నేల మీద దెబ్బ వేసుకునేది. నన్ను పిల్లల మధ్య చాప మీద కూర్చోబెట్టారు. మోకాళ్లు పట్టేసి లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చేది గాని, ఆ చాప మీద నాకు హాయిగా ఉండేది. నాతోపాటు తెలియనివాళ్లు ఇంతమంది ఉన్నారని నాకు అంతవరకు తెలియదు.

తరవాత మా అమ్మాయి సాయంతో కంప్యూటర్‌లోకి మారాం. ఆవిడ పాటను ఫోన్‌లో రికార్డు చేయడం, ఆఫీసు నుంచి వచ్చాక నేను గీయడం, మా అమ్మాయి దాన్ని పాటతో కలిపి నడిపించడం. పాట నడిచినట్టే బొమ్మ నడుస్తుంది కాబట్టి నా చేతి గొడవ తీరింది. కొత్త గొడవ మొదలైంది. నేను ప్రతి స్వరాన్నీ ఇటుక పేర్చినట్టు గీశాను. ఆవిడ చూసి, ఇది పాటా, ప్రహరీ గోడా అంది. స్వరానికీ స్వరానికీ మధ్య గొంతు ఎలా జారుతుందో, ఎక్కడ ఊగుతుందో అదంతా ఏదీ అని నిలదీసింది. సరే, తోడి రాగంలో గాంధారం ఎక్కడ నిలబడుతుందో చెప్పు, అక్కడ పెడతానన్నాను. నిలబడదు అంది. నిలబడనిదానికి లెవెలు ఎలా తీస్తారని నాకు మండింది. ఊరికే నోటితో పోట్లాడటం ఎందుకని ఆవిడ పాడి చూపించింది, నేను వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. నిజంగానే అది నిలబడదు. రెండు గట్ల మధ్య నీళ్లలా పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. అయితే ‘స’ అనే షడ్జం కదలదు, ‘ప’ అనే పంచమం కదలదు అని ఆవిడే చెప్పింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. సర్వే చేసేవాడికి ఎత్తులు కొలుచుకోవడానికి కదలని రాయి ఒక్కటి దొరికితే చాలు, ఇక్కడ రెండు దొరికాయి. ఆ రెండింటినీ తెరకు అడ్డంగా తెల్ల గీతలుగా కొట్టి, మిగతా స్వరాలను వాటిని బట్టి వంపులుగా గీశాను. ఆ రోజు నుంచి ఆవిడ మారు మాట్లాడకుండా నేను ఎన్నిసార్లు పాడమంటే అన్నిసార్లు పాడింది.

ఇక నా ఘనకార్యం గురించి చెప్పాలి. తాళం కూడా కనబడాలని తెర అడుగున ఒక చెయ్యి గీశాను. ఆది తాళానికి ఒక దెబ్బ, తరవాత చిటికెన వేలి నుంచి మూడు వేళ్లు, ఆ పైన దెబ్బా విసురూ రెండుసార్లు. వేళ్లు ఒక్కొక్కటీ మడతపడేలా మా అమ్మాయి చేసింది, ముచ్చటగా వచ్చింది. పిల్లలను కూర్చోబెట్టి పెట్టేశాం. మా ఆవిడ పెరట్లో బట్టలు తీసుకుని లోపలికి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. పదిమంది పిల్లలూ శుభ్రంగా ఎడమ తొడ మీద ఎడమ చేత్తో తాళం వేస్తున్నారు.

మా వైపు ఎడం చేత్తో ప్రసాదం పట్టినా, ఎవరికైనా ఏదైనా ఇచ్చినా చేతి మీద ఒకటి పడుతుంది. అలాంటిది సరస్వతి ముందు ఎడం చేతి తాళం. ఆవిడ బట్టల మోపు గుమ్మంలోనే కింద పెట్టేసింది. ఎవరు నేర్పారని అడిగితే పిల్లలు తెర వైపు చూపించారు. నర్సు గారి అమ్మాయి, తెరలో అలాగే ఉన్నాది టీచర్ గారూ అని నన్ను ఇరికించింది. అప్పుడు చూసుకున్నాను. నేను గీసింది కుడిచెయ్యే. కాకపోతే ఎదురుగా కూర్చున్నవాడికి నా కుడిచెయ్యి ఎలా కనబడుతుందో అలా గీశాను. బొటనవేలు ఏ వైపుందో చూసుకుని తమ చేతుల్లో దానికి సరిపోయే చెయ్యి వాడారు పిల్లలు. అది ఎడమది అయింది.

కాలువకు కుడి గట్టు ఏది, ఎడమ గట్టు ఏది అని ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడికీ పాఠం చెప్పేది నేనే. నీళ్లు పోయే వైపు ముఖం పెట్టి నిలబడి చూడండ్రా, ఎదురు నిలబడితే అంతా తారుమారు అవుతుంది అంటూ గొంతు చించుకునేవాణ్ణి. ఇంట్లో పిల్లల పాటకు ఎదురు నిలబడి గీశాను. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది. వారం తిరగకుండా పార్వతీపురంలో ఉన్న మా మరదలు ఫోన్ చేసి, బావా నీ సెయ్యి ఎలాగుంది అని అడిగింది. చెయ్యి బొమ్మ తిప్పి గీశాను గాని, ఇద్దరు పిల్లలకు ఆ ఎడమ చెయ్యి పోవడానికి ఓ రుతువు పట్టింది.

పిల్లలు మానేయడం తగ్గింది. దారి తప్పినవాళ్లకు దారి కనబడింది. అయినా ఒక సాయంత్రం పాఠం అయిపోయాక ఆవిడ దిగులుగా కూర్చుంది. వీళ్లు సూస్తన్నారు గాని ఇనట్లేదు అంది. నాకు కష్టంగా అనిపించింది, కానీ నిజం. తెర ఉంటే బాగా పాడేవారు, తెర ఆపితే మళ్లీ ఫ్యాను.  మూడో రోజు ఆవిడ నా తువ్వాలు ఒకటి తెచ్చి తెరకు కుడివైపు సగానికి అడ్డంగా వేలాడదీసింది. పాడేసిన గీత కనబడుతుంది, పాడబోయేది కనబడదు. తువ్వాలు వెనక గీత ఎటు పోతుందో మనసులో గీసుకుని పాడండి అంది. అది కుదిరాక మూడో మెట్టు. కళ్లు మూసుకుని, పాట వింటూ, వేలితో గాల్లో గీయాలి.

ముందుగదిలో పదిమంది పిల్లలు కళ్లు మూసుకుని గాల్లో వేళ్లు ఆడిస్తుంటే, చందా కోసం వచ్చిన ఒకాయన గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయాడు. నేను వెనక గోడకు ఆనుకుని వాళ్లతోపాటు గీసేవాణ్ణి. మొదట్లో పాట ఎక్కితే నా వేలు దిగేది. నర్సు గారి అమ్మాయి ఒక కన్ను తెరిచి చూసి, నా మోచెయ్యి పట్టుకుని పైకి ఎత్తేది. ఆ పిల్లకు పన్నెండేళ్లుంటాయేమో. తప్పు దిద్దుతున్నప్పుడు ఒక్కసారి కూడా నవ్వలేదు. అందుకు నేనెప్పుడూ ఆ పిల్లకు రుణపడి ఉన్నాననుకుంటాను. మెల్లమెల్లగా, ఎప్పుడని చెప్పలేను, నా వేలు పాట వెంట పోవడం మొదలైంది.

రెండు మూడేళ్లు అలా గడిచాక శ్రీకాకుళంలో ఒక సంగీత సభవాళ్లు పిల్లలను పిలిచారు. ఆదివారం ఉదయం, ఒక కల్యాణ మండపంలో. ముందు పిల్లలు మా బొమ్మలతో పాడాలి, తరవాత మా ఆవిడ గంటసేపు కచేరీ చెయ్యాలి. ఆవిడ పొందూరు ఖద్దరు చీర కట్టుకుంది. పిల్లలు వేదిక వెనక కట్టిన పెద్ద తెర వైపు వీపు పెట్టి పాడారు, బొమ్మ జనం చూడటానికి మాత్రమే. పిల్లల తల్లిదండ్రులు, తాతలు, నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు అక్కడ. వాళ్ల కళ్లన్నీ ఒకేసారి పైకి లేచి ఒకేసారి దిగడం పక్కనుంచి చూసి నాకు గర్వంగా అనిపించింది. కళ్లు కూడా చెమ్మగిల్లాయి, దాచడం ఎందుకు.

పిల్లల పాటలయ్యాక తెర చుట్టేశారు. నేను ల్యాప్‌టాప్ మూసి పిల్లల మధ్యకు వచ్చి కూర్చున్నాను. టీచర్ గారి పాటకి బొమ్మ లేదా మావయ్యా అని నర్సు గారి అమ్మాయి అడిగింది. లేదన్నాను. ఉండదు కూడా. కల్యాణి రాగం ఆలాపన. ముందే కట్టిన పాట కాదు, మాటలుండవు, తాళముండదు. రాగం ఎటు నడిపించాలో అక్కడికక్కడ ఆవిడ తేల్చుకోవాలి. బొమ్మ ముందే గీసేవాడు భూమ్మీద లేడు.

ఆవిడ కింద షడ్జం దగ్గర మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. వేలు తొడ మీద పెట్టుకున్నాను, ఎవరికీ కనబడకుండా. కదలని ఆ రెండు గీతలూ చీకట్లో నాకు కనబడ్డాయి. ఆవిడ పంచమం దాకా వచ్చి ఆగింది, అది పంచమమని నాకు తెలిసింది. అక్కడినుంచి కొంచెం పైకి పోయి వెనక్కి వచ్చింది, మళ్లీ ఇంకొంచెం పైకి పోయి వెనక్కి వచ్చింది. నా వేలు వెంటే ఉంది. అలా ఎక్కుతూ దిగుతూ పై షడ్జానికి ఒక్క మెట్టు కింద, నిషాదం మీద నిలబడింది. చాలాసేపు నిలబడింది.  ఇంతసేపు నిలబడిందంటే అలసిపోయింది, ఇక మెల్లగా కిందికి దిగుతుంది అనుకున్నాను. నా వేలు దిగింది.

ఆవిడ దిగలేదు. పై షడ్జాన్ని తాకనైనా తాకకుండా, దాని మీదుగా దాటేసి అవతలి రిషభం మీద వాలింది.

నేను పైకే నవ్వేశాను. పక్కనున్న పిల్లలు కళ్లు తెరిచి చూశారు. ఇరవై ఏళ్లలో ఏ పాటా నన్ను ఆశ్చర్యపరచలేదు. ఎటు పోతుందో ఊహే లేనివాడికి ఆశ్చర్యం ఎక్కడినుంచి వస్తుంది? తప్పు ఊహించాను, ఊహించానన్నదే నాకు ఆనందం. తరవాత పాడినవాటిలో సగం మళ్లీ నాకు అందలేదు. ఫర్వాలేదు అనిపించింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం బస్సెక్కాం. ఎచ్చెర్ల దాటేసరికి పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు వాలి నిద్రపోయారు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు పొలాలు చూసింది. రణస్థలం దాటాక నా వైపు తిరిగింది.

“ఆలాపన మజ్జిలో నవ్వేరు. నేనేటి తప్పు పాడీసేను?”

“తప్పేటి లేదు. నిషాదం కాడ అంతసేపు నిలబడితే, కిందకి దిగిపోతావనుకున్నాను. నువ్వు పైకెళ్లిపోనావు.”

ఆవిడ నా ముఖంలోకి, కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు, కాసేపు అలాగే చూసింది. తరవాత తల వంచుకుని, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ, నాకు మాత్రమే వినబడేలా అంది.

“నేనూ దిగిపోదావనే అనుకున్నానండి.”